సీసా మీది నాలుగు రంగులు



రాయగడ, కోరాపుట్ జిల్లాలలో తెలుగు బడి ఎందుకని అడిగేవారికి మనము పద్యము, శతకము, సంస్కృతి అని సమాధానమిస్తాము. నేను మరొకటి చేరుస్తాను. పిల్లవాడు తన ఇంటిలోని విషమును చదివి గుర్తించగలగాలి.

గుణుపురం, బిస్సం కటక్ ప్రాంతములలో పత్తి పండుతుంది. పత్తి ఉన్నచోట పురుగుమందు సీసా ఇంటికి వస్తుంది, వంటింటి మూలన నిలుస్తుంది. ఖాళీ డబ్బాను కడిగి నీటికో, నూనెకో వాడే ఇండ్లను మీరూ చూచియుంటారు. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది బడిపిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలింది. ఆ నూనెను వాడినది ఒక ప్రాథమిక పాఠశాల వంటశాలలోనే అని మనము మరువరాదు.

1971 నాటి నిబంధనల ప్రకారము ప్రతి పురుగుమందు సీసాపై వజ్రాకారపు గుర్తు ఉండాలి. దాని క్రింది సగములోని రంగు విషతీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషము, పసుపు తీవ్రవిషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్పవిషము.

చిక్కు ఇక్కడనే ఉన్నది. బిస్కట్ పొట్లముపై ఆకుపచ్చ చుక్క శాకాహారమునకు గుర్తు. రహదారిపై ఆకుపచ్చ దీపము వెళ్ళవచ్చునని చెబుతుంది. పిల్లవాడు సీసాపై అదే రంగు చూచి మంచిదనుకుంటే తప్పు వానిది కాదు, నేర్పని మనది. పైగా మన వాడుకలో ‘పచ్చ’ అంటే పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు. తీవ్రవిషమునకు, స్వల్పవిషమునకు ఒకే మాట వాడితే ప్రమాదము కాదా? ఇది భాషోపాధ్యాయుని పని కాక మరెవరిది?

మందుతోపాటు హిందీ, ఇంగ్లీషు, ప్రాంతీయ భాషలలో వివరపత్రము ఇవ్వాలని కూడ ఆ నిబంధనలే చెబుతున్నవి. దుకాణములో దానిని అడిగి తీసుకొనండి. మందును వేరొక సీసాలో పోసిన క్షణమే గుర్తూ, పత్రమూ రెండూ పోతాయి.

ఒక్క పీరియడ్ కేటాయించండి. నాలుగు రంగుల గుర్తులను పిల్లలచేత గీయించండి. ‘విషము’ అని తెలుగులోను, ‘బిష’ అని ఒడియాలోను వ్రాయించండి. చీమల మందు సుద్దముక్కను బడిలోని సుద్దముక్కతో పోల్చి మాటలతోనే చెప్పండి, తెచ్చి చూపవద్దు. ఎవరైనా విషము మ్రింగితే 108కి ఫోను చేసి, సీసాను కూడ ఆసుపత్రికి తీసుకొనిపోవలెనని నేర్పండి.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెబుతున్నది. ఆ హక్కును మనము అడుగుతూనే ఉన్నాము, అడగాలి. అయితే ఆ బడిలో చదివిన బిడ్డ ఇంటికి వెళ్ళి, ‘అమ్మా, ఆ డబ్బాలో నీళ్ళు పోయవద్దు’ అని చెప్పగలిగిన రోజున, తెలుగు బడి ఎందుకని ఆ తల్లి అడగదు.