పతనం దుకాణం దగ్గర మొదలవదు

మాచర్ల వైపు ఒక పల్లెలో ఒక సహోదరుడు పదిహేనేళ్ల తాగుడు మానేశాడు. ఆరు నెలలు గడిచాక ఒక ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించింది. అతని భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. సరిగ్గా మూడు వారాలకు అతను గుంటూరు యార్డుకు మిర్చి వేసుకెళ్లాడు. అనుకున్న ధర రాలేదు. పొద్దుటి నుంచి తిండి లేదు. రాత్రి బస్సు దిగినవాడు ఇల్లు చేరలేదు. తెల్లవారి కాలవ గట్టు మీద పడి ఉన్నాడు. ఆ తరువాత ఆదివారం అతను గుడికి రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కోవడానికి మేమెవరమూ వెళ్లలేదు. ‘వాడిది నిజమైన మారుమనస్సు కాదులే’ అనుకున్నాం. అలా అన్నవారిలో నేనూ ఉన్నాను. ఆ మాట ఈనాటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

అతను ఎక్కడ పడిపోయాడు? బ్రాందీ దుకాణం దగ్గర అంటాం. కాదు. పల్నాటి వీరగాథ తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. కారంపూడి యుద్ధం కారంపూడిలో మొదలవలేదు. కోడిపందెం బరిలో మొదలైంది. వినోదంగా మొదలైన పందెం ఏడేళ్ల వలసకూ, చివరికి రణానికీ దారితీసింది. తాగుడు మానినవాడి పతనం కూడా అంతే. మొదటి గ్లాసుకు ఎన్నో గంటల ముందే, ఒక్కోసారి ఎన్నో రోజుల ముందే, ఎవరూ పట్టించుకోని చిన్న సంగతితో అది మొదలవుతుంది.

ఏలీయా ప్రవక్తను చూడండి. కర్మెలు పర్వతం మీద ఆకాశం నుంచి అగ్నిని దింపించిన దైవజనుడాయన. ఆ మహా విజయం వెంటనే యెజెబెలు బెదిరింపు విని పారిపోయాడు. సేవకుణ్ణి వదిలేసి ఒంటరిగా అరణ్యంలో ఒక చెట్టు కింద చతికిలబడి, చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు ఆయనను గద్దించలేదు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు. నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. ఆ తరువాతే మాట్లాడాడు. చివరికి ఎలీషాను తోడిచ్చాడు. విజయం మరునాడే మనిషి ఎంత బలహీనుడో, ఆ బలహీనతకు ముందుగా కావలసింది ఏమిటో దేవునికి తెలుసు.

వ్యసనం నుంచి బయటపడేవారికి సహాయం చేసేవాళ్లు నాలుగు సంగతులు కనిపెట్టుకోమంటారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఆ చెట్టు కింద ఏలీయాలో వీటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మన సహోదరుడు బస్సు దిగిన రాత్రి అతనిలో నాలుగూ ఉన్నాయి. మన ప్రభువును సైతాను శోధించింది కూడా నలభై దినాల ఉపవాసం తరువాత, ఆయన ఆకలిగొన్నప్పుడే. ఓడిపోయి వెళ్లినవాడు కూడా కొంతకాలానికే వెళ్లాడని లూకా రాశాడు (4:13). శత్రువు సమయం చూసుకుని వస్తాడని వాక్యమే చెబుతుంటే, ఆ సమయాలేవో తెలుసుకోవడం అవిశ్వాసం ఎలా అవుతుంది? మెలకువగా ఉండి ప్రార్థించమన్నాడు ప్రభువు (మత్తయి 26:41). మనం ప్రార్థన పట్టుకున్నాం, మెలకువ వదిలేశాం.

మన ప్రాంతంలో ఆ సమయాలు వెతుక్కోవడం కష్టం కాదు. పంట డబ్బు చేతికొచ్చిన రోజు, ధర పడిపోయిన రోజు, రెండూ ప్రమాదమే. కూలి పంచుకునే శనివారం సాయంత్రం, పాత స్నేహితుడి పిలుపు, ఎన్నికల ముందు రాత్రులు, పొలం తగాదా, ఇంట్లో ‘మళ్లీ తాగొచ్చావా?’ అనే అనుమానపు మాట. చివరికి మన పెళ్లిళ్లు కూడా. ముందు పందిట్లో పాస్టరుగారి ప్రార్థన, వెనక పందిట్లో సీసాలు. అలాంటి విందుకు నిన్నగాక మొన్న మానినవాణ్ణి పిలిచి, తరువాత అతన్నే తప్పుపట్టడం న్యాయమేనా? సహోదరునికి అడ్డంకి అయితే మాంసమే మానేస్తానన్నాడు పౌలు (1 కొరింథీ 8:13). అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు విశ్వాసి 1869లో ప్రభువు బల్ల కోసమే పులియని ద్రాక్షరసం తయారుచేశాడు. బల్ల దగ్గరే ఆ జాగ్రత్త పడినవాళ్లున్నారు. పెళ్లి పందిట్లో మనం పడలేమా?

చట్టం అన్నీ చూసుకుంటుందని ఊరుకోలేం. దూబగుంట స్త్రీల పోరాటం తరువాత 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి. చేతులు మారాయి గాని దుకాణం దారిలోనే ఉంది.

అందుకే మానినవారు కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. యార్డుకు ఒంటరిగా వెళ్లకండి. డబ్బు భార్య చేతికో, బ్యాంకుకో చేరేలా చూసుకోండి. వేళకు తినండి. దుకాణం లేని దారిన ఇంటికి రండి. యోసేపు వస్త్రం వదిలేసి పారిపోయాడు, అది పిరికితనం కాదు. తాగాలనే కోరిక అలలా లేస్తుంది, చాలాసార్లు అరగంటలోపే దాని ఉధృతి తగ్గుతుంది. ఆ అరగంట ఒక మనిషి పక్కన గడపండి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, భ్రమలు రావచ్చు. ప్రాణాపాయం కూడా. కాబట్టి డాక్టరు సాయంతోనే మానాలి. వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు. వైద్యుడైన లూకాను వాడుకున్న దేవునికి ఆసుపత్రి అడ్డం కాదు.

1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి ఒక హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. వచ్చిన వ్యాపారం చెడింది. పక్కనే బారులోంచి సందడి వినిపిస్తోంది. ఆయన అటు వెళ్లలేదు. అక్కడున్న చర్చిల జాబితా చూసి ఒక పాదిరికి ఫోను చేశాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలన్నాడు. ఆ ఫోను ద్వారానే డాక్టర్ బాబ్ పరిచయమయ్యాడు. వారిద్దరి స్నేహం నుంచే ఈనాడు లోకమంతా ఉన్న ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది.

ఆ సాయంత్రం ఆ పాదిరి ఫోను తీయకపోతే?

నీతిమంతుడు ఏడుమార్లు పడినా లేస్తాడంటుంది సామెతల గ్రంథం (24:16). పడినవాణ్ణి చూసి దొంగ సాక్ష్యమనడానికి మనం న్యాయాధిపతులం కాము. మా సహోదరుని ఇంటికి నేను నాలుగు నెలలు ఆలస్యంగా వెళ్లాను. అతను ఒకే మాటన్నాడు. ‘ఆ రాత్రి బస్సు దిగాక ఎవరికన్నా ఫోను చేద్దామనుకున్నానయ్యా. ఎవరికి చేయాలో తెలియలేదు.’

మీ సంఘంలో సాక్ష్యం చెప్పినవారున్నారా? ఈ ఆదివారం చప్పట్లతో సరిపెట్టకండి. మీ నంబరు ఇచ్చి రండి. రాత్రి మోగితే తీయండి.