పరుగు తరువాత రక్తం చెప్పే సాక్ష్యం

నాడి పట్టి, నాలుక చూసి, మలమూత్రాల తీరు అడిగి రోగ నిర్ణయం చేయడం మా గురువుగారి వద్ద నేర్చిన విద్య. ఆ విద్యతోనే ఇన్నేళ్లు జీవించిన నేను రక్త పరీక్షను సమర్థిస్తూ వ్రాయడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. అందుకు కారణం నా చేత జరిగిన ఒక పొరపాటు.

కొన్నేళ్ల క్రితం, పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న ఒక యువకుణ్ణి అతని తండ్రి నా వద్దకు తీసుకొని వచ్చాడు. ముందు రోజు మండుటెండలో అలవాటుకు మించి పరుగెత్తాడట. తొడలు బిగుసుకొనిపోయి, చేయి తగలనీయడం లేదు. వాత ప్రకోపమని భావించి తైల మర్దనం చెప్పి పంపాను. మూత్రం ఏ రంగులో ఉన్నదని మాత్రం అడగలేదు. మర్నాటికి అది టీ డికాక్షను వలె నల్లబడింది. ఆసుపత్రిలో రక్తం పరీక్షించి, కండరాలు విచ్ఛిన్నమవుతున్నట్లు గుర్తించి, సెలైను ఎక్కించి మూత్రపిండాలను కాపాడారు. పిల్లవాడు కోలుకున్నాడు. నాకు అది జీవితకాలపు పాఠమైంది.

ఆ పరీక్ష పేరు క్రియాటిన్ కైనేజ్, క్లుప్తంగా సి.కె. అంటారు. ఇది కండర కణాలలో ఉండే ఎంజైము. కణపు పొర చిట్లినప్పుడు రక్తంలోకి చేరుతుంది. మామూలుగా లీటరు రక్తద్రవంలో సుమారు 200 యూనిట్ల లోపు ఉండేది, తీవ్ర శ్రమ తరువాత వేలకు పెరగవచ్చు. సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులలో అది శిఖరాన్ని అందుకుంటుంది. మయోగ్లోబిన్ అనే ఎర్రని మాంసకృత్తు ఇంకా త్వరగా వెలువడి మూత్రానికి ముదురు రంగు తెస్తుంది; అధికమైతే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లండను నగరంపై బాంబులు పడిన రోజులలో శిథిలాల క్రింద నలిగినవారికి ఇట్టి మూత్రపిండ వైఫల్యం కలగడాన్ని 1941లో బైవాటర్స్, బీల్ అనే వైద్యులు వర్ణించారు.

ఇది మన శాస్త్రానికి విరుద్ధమా? కానే కాదు. ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనే మూడింటితో రోగాన్ని తెలుసుకోవాలని చరకుడు చెప్పాడు. పొగను చూసి నిప్పును ఊహించడమే అనుమానం. రక్తంలోని సి.కె. కూడా అట్టి పొగయే.

అయితే పొగ కనిపించినంత మాత్రాన ఇల్లు కాలుతున్నదని కేకలు వేయరాదు. నిత్యం సాధన చేసే క్రీడాకారులలో, కండపుష్టి గల పురుషులలో ఈ అంకె సహజంగానే ఎక్కువ. ఏ కండరం చిరిగిందో కూడా అది చెప్పదు. అందుకు చేతి స్పర్శ, అవసరమైతే స్కానింగు కావాలి. కాలేయ పరీక్షలుగా మనం ఎరిగిన ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. సైతం బరువులెత్తిన తరువాత కొన్ని రోజులు పెరిగి ఉండవచ్చు. ఆ కాగితం చూసి కామెర్లని భ్రమించి నేల ఉసిరిక రసం త్రాగించే ఇళ్లు నేను ఎరుగుదును. రక్తమిచ్చేటప్పుడు ముందు వారంలో చేసిన శ్రమను వైద్యునికి తప్పక తెలపాలి.

గృహస్థులు గుర్తుంచుకోవలసినది ఇది. శ్రమ తరువాత ఒళ్లు నొప్పులు రెండు మూడు రోజులలో తగ్గుముఖం పడితే విశ్రాంతి, గోరువెచ్చని నీటి స్నానం చాలు. నొప్పి భరింపరానిదై, కండరం వాచినా, బలహీనత కలిగినా, మూత్రం నల్లబడినా, తగ్గినా తైలం జోలికి, కషాయం జోలికి పోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ వేళ ఆలస్యమే అపథ్యం.

అంతకన్నా మేలైనది, అంతవరకు రానీయకుండుట. వ్యాయామం బలంలో సగం వరకే చేయాలన్నారు పెద్దలు. నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు ఆ సగం పూర్తయినట్లని సుశ్రుతుడు గుర్తు చెప్పాడు. పోటీలకు పోయేవారు ఆ హద్దు దాటక తప్పదు. కాని వారాల తరబడి మెల్లగా దాటాలి తప్ప, పరీక్ష దగ్గరపడిందని ఒక్కరోజులో దాటరాదు.