చివరి మడికి నీళ్ళు

మన బుగ్గారం పక్కల వ్యవసాయం చేసే పెద్దలను, "కాలువ బాగా పారుతున్నదా?" అని అడిగి చూడండి. వాళ్ళు తూము పక్కనున్న మడిని చూసి జవాబు చెప్పరు. ఆయకట్టు చివరనున్న మడి తడిసిందా లేదా అని చూస్తారు. చివరి మడి తడిస్తే అన్నీ తడిసినట్టే గదా!

పిల్లలూ, పట్నంలో మేడల కప్పుకింద కూడా ఈ సూత్రమే పనిచేస్తున్నదంటే నమ్ముతారా?

సెలవులకు హైదరాబాదులో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, పెద్ద అపార్టుమెంటు కింద కార్లు నిలిపేచోట తల ఎత్తి చూడండి. ఎర్రరంగు వేసిన పైపులు కనిపించవచ్చు. వాటికి అక్కడక్కడా చిన్న మూతులు వేలాడుతుంటాయి. వీటినే స్ప్రింక్లర్లు అంటారు. నిప్పు అంటుకుంటే ఇవి వాటంతట అవే నీళ్ళు చల్లుతాయి.

మనిషి చెప్పకుండా వీటికి నిప్పు సంగతి ఎట్లా తెలుస్తుంది? ప్రతి మూతినీ ఒక బిళ్ళ మూసి ఉంచుతుంది. ఆ బిళ్ళ ఊడకుండా ఒక చిన్న గాజుబుడ్డి అదిమిపట్టి ఉంటుంది. బుడ్డిలో రంగు ద్రవం ఉంటుంది. ఎర్ర ద్రవం ఉన్న బుడ్డి అయితే, అది 68 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడెక్కేసరికి ద్రవం ఉబ్బి గాజును పగలగొడుతుంది. బిళ్ళ ఊడిపోతుంది. నీరు కిందికి దూకి, ఒక పళ్ళ రేకుకు తగిలి గొడుగులాగా పరుచుకుంటుంది.

సినిమాలలో ఒక్కచోట పొగ రాగానే భవనమంతా వాన కురుస్తుంది. అది నిజం కాదు. వేడి తగిలిన మూతి మాత్రమే తెరుచుకుంటుంది. తక్కినవి మూసుకునే ఉంటాయి. అమెరికాలో హెన్రీ పార్మెలీ అనే ఆయన తన పియానోల కర్మాగారాన్ని కాపాడుకోవటానికి 1874లో ఇటువంటి పరికరాన్ని తయారుచేశాడు.

మూతి ఎంత మంచిదైనా, దానికి నీరు అందాలి గదా! అక్కడే ఇంజనీరు పని ఉన్నది. పైపుల అమరిక చెట్టులాగా ఉంటుంది. కిందినుంచి పైకిపోయే పెద్ద పైపు కాండం. అంతస్తు అంతస్తుకూ చీలేవి కొమ్మలు. మూతులు తగిలించినవి రెమ్మలు. ఇంజనీరు తన లెక్కను పంపు దగ్గర మొదలుపెట్టడు. నీరు అందటం అన్నిటికంటె కష్టమైన చివరి రెమ్మ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తాడు. అక్కడ కొన్ని మూతులు ఒకేసారి తెరుచుకున్నా నీరు చాలాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. మామూలు మూతి ఒకటి, 1 బార్ ఒత్తిడి ఉంటే నిమిషానికి 80 లీటర్లు చల్లుతుందనుకోండి. ఒత్తిడి పావువంతుకు పడిపోతే 40 లీటర్లే చల్లుతుంది. నీరు 10 మీటర్లు పైకి ఎక్కటానికి ఇంచుమించు 1 బార్ ఖర్చవుతుంది. చివరి మూతి 30 మీటర్ల ఎత్తున ఉంటే, ఎక్కటానికే 3 బార్లు. చల్లటానికి మరొక బార్. ఇంతటితో అయిపోలేదు. పైపు గోడలను రాసుకుంటూ పోవటంలోనూ, ప్రతి మలుపులోనూ కొంత ఒత్తిడి పోతుంది.

డబ్బు మిగులుతుందని సన్నపైపు వేస్తే ఏమవుతుంది? లోపలి వ్యాసం సగమైతే, అంతే నీరు పారటానికి రాపిడి నష్టం ఇంచుమించు 30 రెట్లు పెరుగుతుంది! దగ్గరి మూతి బాగానే చల్లుతుంది. చివరి మూతి బొట్లు బొట్లుగా కారుతుంది. నిప్పేమో చివరి గదిలోనే అంటుకోవచ్చు.

అయితే, పైపులున్నాయని ధీమా పనికిరాదు. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో, ఒక అపార్టుమెంటు కింది భాగంలో నిలవచేసిన రసాయనాల పీపాలు అంటుకున్నాయి. ఆ రోజే 9 మంది చనిపోయారు. అటువంటి రసాయనాల మంటను మామూలు నీటిజల్లు ఆర్పుతుందని నమ్మకూడదు. మనుషులు కాపురముండే ఇంటికింద అవి ఉండనే కూడదు.

పెద్దలు చేయవలసిన పని కూడా ఉన్నది. నీటి వాల్వు మూసి ఉన్నా, ట్యాంకు ఖాళీగా ఉన్నా, పంపు చెడిపోయినా ఇంజనీరు లెక్క అంతా వృథాయే. అందుచేత వీటిని తరచు పరీక్ష చేయించాలి. మూతులకు రంగు పూయరాదు. పైపులకు బట్టలు ఆరవేయరాదు. మూతికి అడ్డం వచ్చేటట్టు సామాను పేర్చరాదు.

నిప్పు కనిపిస్తే లిఫ్టు ఎక్కకండి. పొగలేని మెట్లదారిన కిందికి దిగి, 101కి ఫోను చెయ్యమని పెద్దలకు చెప్పండి.

ఈసారి పట్నం వెళ్ళినప్పుడు మీ బంధువులను ఒక్క ప్రశ్న అడగండి: "మీ ఇంటి చివరి మడికి నీళ్ళు అందుతాయా?" వాళ్ళు మొదట నవ్వుతారు. తరవాత సంగతి చెప్పండి, తప్పక వెళ్ళి వాల్వు చూసి వస్తారు!