శిశువిద్య - అంగన్‌వాడీ సిబ్బంది

1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములందు ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము నేడు దేశమంతట వ్యాపించి, 13 లక్షలకు పైబడిన అంగన్‌వాడీ కేంద్రములతో నడచుచున్నది. పల్లెటూరి బిడ్డకు ప్రథమ గురువు అంగన్‌వాడీ టీచరు. ఆమెకు కుడిభుజము ఆయా. వీరిలో నెవరి కేపనియందు నేర్పు గలదో కనిపెట్టి, దానిని పెంపొందించు ప్రయత్నము మాత్రము నేటికిని చాలినంత జరుగుట లేదు. ఇది విచారింపదగిన విషయము.

సూపర్‌వైజరు కేంద్రమునకు వచ్చినచో హాజరుపట్టీ, గ్రుడ్ల లెక్క, బిడ్డల తూకము చూచును. 2021లో పోషణ్ ట్రాకరు వచ్చినది మొదలు ఫోనులో నెక్కింపవలసిన వివరములును వీనికి తోడైనవి. ఇవి యనవసరములని మేమనము. ప్రజాధనమునకు లెక్క యుండవలసినదే. కాని ఒక టీచరు కథ చెప్పుచుండ నల్లరిపిల్లలు సైతము చెవియొగ్గి కూర్చుందురు. వేఱొకతె చింతగింజలతో లెక్క నేర్పును. ఇంకొకతె నచ్చజెప్పినచో, తూకము తగ్గిన బిడ్డను తల్లి మఱునాడే యాసుపత్రికి గొనిపోవును. కోయగూడెమున కోయభాష యెఱిగిన యాయాయే క్రొత్తగా చేరిన బిడ్డకు బడిపట్ల బెరుకు పోగొట్టును. ఈ నేర్పులను వ్రాసికొనుటకు ఏ రిజిష్టరునందును గడి లేదు. ఇక నవి పైయధికారి కంటబడుట యెట్లు?

ఈ విషయమున మనకు దారిచూపినవారు లేకపోలేదు. 1945లో తారాబాయి మోడక్ నేటి మహారాష్ట్రమునందలి బోర్డీ గ్రామమున శిశువిద్యాకేంద్రమును స్థాపించినపుడు, అనూతాయి వాఘ్ ఆమెకు సహాయకురాలుగా చేరిరి. పిమ్మట వారిరువురును కోసబాడ్‌లో బడిని గిరిజన బిడ్డల ముంగిళ్లకే గొనిపోయిరి. అంగన్‌వాడీ యను మాటలోని ‘అంగన్’కు అర్థము ముంగిలియే గదా! 1973లో తారాబాయి మరణింపగా, ఆ సంస్థాభారమును అనూతాయియే వహించిరి. సహాయకురాలిని సహాయకురాలుగానే యుంచియుండినచో ఆ కార్యము నిలిచియుండెడిదా?

2020 నాటి జాతీయ విద్యావిధానము, ఇంటర్మీడియెట్ చదివిన టీచర్లకు 6 మాసముల శిక్షణమును, అంతకు తక్కువ చదివినవారికి 1 సంవత్సరపు శిక్షణమును విధించినది. ఇది మెచ్చదగినదే. కాని శిక్షణమనగా పైనుండి వచ్చు పాఠము మాత్రమే కాదు. సెక్టారు సమావేశములందు రిజిష్టర్ల తనిఖీకి ముందు ఒక గంట కేటాయించి, కథ చెప్పనేర్చిన టీచరుచే తక్కినవారికి చూపించినచో వ్యయమేమి? ఆటపాటలలో నేర్పుగల యాయాకు శిక్షణమిచ్చి, టీచరు పదవికి దారి చూపుటకు అభ్యంతరమేమి?

ఐతే వట్టి పొగడ్త కడుపు నింపదు. 2018లో కేంద్రము తనవంతు గౌరవవేతనమును టీచరునకు రూ. 4,500లుగను, ఆయాకు రూ. 2,250లుగను హెచ్చించినది, రాష్ట్రములు కొంత చేర్చుచున్నవి. వీరికిని గ్రాట్యుటీ చెల్లునని సుప్రీముకోర్టు 2022లో తీర్పు చెప్పినది. 2023 డిసెంబరు మొదలు ఆంధ్రప్రదేశమున వీరు 42 దినములు సమ్మె సలిపిరి. నేర్పును గుర్తించుటయు, తగిన ప్రతిఫల మొసంగుటయు నొకే ధర్మమునకు రెండు పార్శ్వములు.

కూలీలను పిలుచు రైతు, ఎవరు నాట్లకు తగుదురో, ఎవరు కుప్పనూర్పునకు తగుదురో యెఱిగియే పని యప్పగించును. పైరు విషయమున మనకు గల యీ వివేకము బిడ్డల విషయమున లేకుండుట తగునా? గ్రామపెద్దలును, పట్టణవాసులును తమ వీధిలోని కేంద్రమునకు వెళ్లి, అచ్చట పనిచేయువారి గుణములను స్వయముగా చూచి, అధికారులకు తెలియజేయుదురుగాక.