గ్రౌండు ఎవరిది?

"పల్లెటూరి ఆడవాళ్ళకి ఎక్సర్‌సైజులెందుకండీ? పొద్దుటినుంచీ చేసేదంతా ఎక్సర్‌సైజే కదా!"

ఈ మాట నగరంలో సాహిత్య సభల్లోనూ విన్నాను, ఈపూరు బస్టాండులోనూ విన్నాను. అనేది ఎక్కువగా మగవాళ్ళు. వాకింగ్ చేసొచ్చి మరీ అంటారు. హైదరాబాదు పార్కుల్లో గుంపుగా చేసే ఫిట్‌నెస్ తరగతులు, 'బూట్ క్యాంపు'లు వచ్చాక వీళ్ళ వెక్కిరింత మరీ పెరిగింది. డబ్బులిచ్చి బస్కీలు తీస్తున్నారట!

ఇంతకీ ఆ క్లాసులో ఏముంటుంది? ఇంచుమించు గంటసేపు ఆరుబయట పని. ఒళ్ళు వేడెక్కడానికి చిన్న పరుగు, తర్వాత దండీలు, బస్కీలు, గెంతులు, ఇసుక సంచి మోయడం, చివర్లో ఒళ్ళు సాగదీయడం. మిరప చేలో రోజంతా వంగి కాయలు కోసి, టిక్కీలు ఎత్తే మనిషి ఇది వింటే నవ్వుతుంది. నవ్వే హక్కు ఆమెకుంది. ఆ నవ్వుని తమ వాదనకి సాక్ష్యంగా వాడుకునే హక్కు వీళ్ళకి లేదు.

కూలి పని వ్యాయామం కాదు. చేలో వేగాన్ని నిర్ణయించేది మేస్త్రి, కిలోల లెక్కన ఇచ్చే కూలి. ఒకటే వంపు, అవే కండరాలు, గంటల తరబడి. నొప్పి పుడితే ఆగడానికి లేదు, మర్నాడు విశ్రాంతి లేదు. వ్యాయామంలో బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది, అలిసిపోతే ఆగొచ్చు. తీరికలో చేసే వ్యాయామం గుండెకి చేసే మేలు బతుకుతెరువు శ్రమ చెయ్యడం లేదని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. రోకళ్ళు దంచిన అమ్మమ్మల ఆరోగ్యాన్ని పొగిడేవాళ్ళకి వాళ్ళ వంగిపోయిన నడుములు ఎందుకు కనిపించవో!

అలాగని బూట్ క్యాంపుని నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆ పేరే అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళ శిక్షణా శిబిరానిది. అరుపులు, హుకుములు అక్కడినుంచే వచ్చాయి. పుట్టినప్పటినుంచీ హుకుములు వింటున్న ఆడదానికి డబ్బులిచ్చి ఇంకో హుకుం ఎందుకు? పైగా ప్రకటనల నిండా నడుం కొలతలే. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఒంటి సంగతి అడగకుండానే గెంతించడం. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. 2019-21 సర్వేలో రాష్ట్ర స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత. కాన్పులయ్యాక గెంతితే మూత్రం జారే బాధ ఎందరికో ఉంది, బయటికి చెప్పేవాళ్ళు తక్కువ. ఇవి అడిగి, అందుకు తగ్గట్టు నేర్పే మనిషి కావాలి. విజిల్ ఊదే మనిషి చాలడు.

ఇక వేళ సంగతి. ఇలాంటి క్లాసులు చాలావరకు తెల్లవారుజామునే. ఆ వేళకి పల్నాడులో ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు. క్యారేజీలు కట్టాలి, ఆటో వచ్చేలోపు తయారవ్వాలి. 2024 కాలవినియోగ సర్వేలో ఇంటి పని చేసేవాళ్ళలో స్త్రీలు అందుకు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాడి వాకింగు ఏ నిమిషాల్లోంచి వచ్చిందో వేరే చెప్పాలా?

చిన్నప్పుడు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్ల, పెద్దమనిషయ్యాక వీధి వదిలేస్తుంది. మగపిల్లవాడి ఆట అలా ఆగదు. మళ్ళీ ఆమె గ్రౌండులో కనిపిస్తే అది పోలీసు ఉద్యోగం కోసమే. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టుల ప్రకటన వచ్చింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో గానీ మొదలుకాలేదు. ఆడపిల్ల 1600 మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. ఆ రెండేళ్ళూ ఆమె ఎక్కడ పరిగెత్తాలి? ఉద్యోగం కోసమంటే ఇంట్లో ఒప్పుకుంటారు. ఊరికే, తన ఒంటి కోసం పరిగెడతానంటే మాత్రం "ఏం పోయేకాలం?" అంటారు.

నేనడిగేది పెద్దదేం కాదు. ప్రతి మండలంలోనూ హైస్కూలు గ్రౌండు సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకి. లైట్లు, మంచినీళ్ళు, తాళం తీసి ఉన్న మరుగుదొడ్డి. నేర్పడానికి జీతమిచ్చి పెట్టిన ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఆ గంటసేపు క్రికెట్ ఆగుతుంది, ఇంట్లో పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడతారు.