పదిమంది శ్రమ, ఒక్కరి సొత్తు

గత యిరువది సంవత్సరములలో వ్యాపారలోకమున రెండు క్రొత్త పద్ధతులు ప్రబలినవి. ఒక పనిని వేలకొలది జనులకు పంచి, తలకొక చేయి వేయించి సాధించుట మొదటిది. దీనిని క్రౌడ్‌సోర్సింగ్ అనుచున్నారు. లెక్కలను, దస్తరములను తన యింట నుంచుకొనక, పరుల యంత్రశాలలలో అద్దెకు నిలువచేయుట రెండవది. దీనికి క్లౌడ్ అని పేరు. మొదటిదాని పేరు 2006లో జెఫ్ హౌ అను పత్రికారచయిత వ్యాసముతో వ్యాపించెను. అమెజాన్ కంపెనీ తన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకిచ్చుట ప్రారంభించినదియు నా సంవత్సరముననే. రెండింటిని గూర్చియు మన పట్టణములలో పొగడ్తలు వినవచ్చుచున్నవి. పదిమంది పెంచిన యాస్తికి హక్కుదారెవరు, దాని తాళపుచెవి యెవరి చేతిలో నున్నది యను ప్రశ్న మాత్రము వినరాకున్నది.

పదిమంది చేయి వేయుట నూతనము గాదు. 1879లో జేమ్స్ మర్రే ఆక్స్‌ఫర్డ్ ఆంగ్లనిఘంటువునకై చదువరుల నర్థింపగా, వారు గ్రంథములనుండి ప్రయోగములను చీటీలపై నెత్తివ్రాసి లక్షలకొలదిగ బంపిరి. మన యాంధ్రదేశమున గ్రంథాలయోద్యమము నిలిచినదియు నిట్టి చేతుల బలిమిచేతనే. 2001లో నింగ్లీషున బుట్టిన వికీపీడియా 2003 డిసెంబరులో దెలుగునకు వచ్చినది. నేటికిని దానిని జీతము గోరక వ్రాయువారు గలరు. 2010 జనవరిలో హైతీదేశమున భూకంపము సంభవించినప్పుడు, లోకమునందలి పలుతావుల వాలంటీర్లు ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములను జూచి, పోర్టోప్రిన్సు నగరపు వీథులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటమున గొలదిదినములలో గీచి యిచ్చిరి. సహాయకబృందములు ఆ పటముతో దారి తెలిసికొన్నవి. ఇట్టి పనిని మెచ్చనివారెవరు?

అయితే మరియొక విధమైన చరిత్రయు గలదు. డిస్కులలోని పాటల పేర్లను సంగీతప్రియులు తమ యింట గూర్చుండి టైపుచేసి సీడీడీబీ యను పట్టికను బెంచిరి. ఆ పట్టిక తుదకు గ్రేస్‌నోట్ అను కంపెనీ సొత్తయ్యెను; లైసెన్సు లేని ప్రోగ్రాములకు 2001లో తలుపు మూయబడెను. 2007లో వెలువడి, 2009లో గూగుల్ కొనిన రీక్యాప్చా మాట యింకను విచిత్రము. మీరు మనుష్యులా, యంత్రములా యని పరీక్షించుటకు వంకర యక్షరములను జూపి, చదివి టైపుచేయుడనెడివారు. అట్లు మనము చదివి చెప్పినవి, యంత్రము చదువలేని పాతపత్రికలలోని, గ్రంథములలోని మాటలు. పని చేయుచున్నామని యెరుగకయే యెందరో పనిచేసిరి. చీమల పుట్టలో పాము కాపురముండు సంగతి మనకు క్రొత్తది గాదు.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ రెండు విధముల భేదము దస్తావేజులోనే కనబడుచున్నది. వికీపీడియా వ్రాతను, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటమును ఎవరైనను, మూలమును బేర్కొని, షరతులకు లోబడి తిరిగి వాడుకొనవచ్చునని వాని లైసెన్సులలోనే వ్రాసియున్నది. నిర్వాహకులు రేపు మనసు మార్చుకొన్నను, ఇచ్చిన హక్కు పోదు. తక్కిన పెక్కుచోట్ల ‘అంగీకరించితిని’ అను మీటను నొక్కుటతో మన శ్రమపై మన మాట చెల్లకుండ బోవుచున్నది.

క్లౌడ్ వలన మేలు లేదని మేమనము. చిన్న వర్తకుడు లక్షల పెట్టుబడితో యంత్రములు కొననక్కరలేదు. వాడినంతకే బాడుగ చెల్లించును. దీపావళి బేరమునకు పది యంత్రములు, మరునాడు ఒక్కటి చాలును. కాని బాడుగ యిల్లు బాడుగ యిల్లే. 2025 జులైలో ఐరోపా సమాఖ్య, గుజరాతులోని వాడినార్‌లో చమురుశుద్ధి కర్మాగారము గల నయారా ఎనర్జీ కంపెనీపై ఆంక్షలు విధించెను. అందు రష్యాకు చెందిన రోస్‌నెఫ్ట్‌కు వాటా గలదు. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి తన సేవలను నిలిపివేసెను. చందా చెల్లించియు తమ దస్తరము తమకే యందకున్నదని నయారా ఢిల్లీ హైకోర్టు కెక్కెను. కొలదిదినములలో సేవలు మరల వచ్చినవి. ఆంక్ష ఐరోపాది, యంత్రముల యజమాని అమెరికావాడు, చిక్కులో బడిన పని మన దేశములోనిది. ఇంతటి కంపెనీ కోర్టు కెక్కగలిగెను. బెజవాడలోని బట్టల వర్తకుడు ఎక్కగలడా?

అమెజాన్ 2022లో హైదరాబాదున తన కేంద్రమును దెరచెను. విశాఖపట్టణమున గొప్ప కేంద్రమును గట్టుదుమని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించెను. మేఘము మన నేలకే దిగివచ్చుచున్నది. నడచుటకు మన విద్యుత్తునే కోరును. గోడలు మన యూర నున్నంతమాత్రమున తాళపుచెవి మన చేతికి వచ్చినట్లు గాదు. 2023నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము వ్యక్తుల సమాచారమును గాచుటకు బుట్టినది. వర్తకుని లెక్కలకు, సమష్టిశ్రమకు అది గొడుగు పట్టదు.

విదేశయంత్రములను బహిష్కరింపుడని మేము చెప్పుటలేదు. ప్రజలచే పని గోరు ప్రభుత్వసంస్థ యేదైనను దాని ఫలమును ప్రజలందరికి విడిచిపెట్టవలెను. నోటీసు లేక తలుపు మూయరాదనియు, వెడలగోరినవారి దస్తరమును వారికి పూర్తిగ నప్పగింపవలెననియు శాసనము నిర్బంధింపవలెను. అద్దెదారుని సామానులు లోపలనుండగా యజమాని తన యిచ్చవచ్చినట్లు తాళము వేయుటను మన న్యాయస్థానములు మెచ్చవు. ఇక్కడ మాత్రమేల యోర్వవలెను? అంతవరకు వర్తకులు తమ లెక్కల నకలు నొకటి తమ యింట నుంచుకొందురుగాక. పఠనమందిరములలోని మిత్రులు తమ యూరి చరిత్రమును పదిమందితో గూడి వ్రాయదలచినచో, మొదట లైసెన్సు జదివి, పిదప కలము బట్టుదురుగాక. పుట్ట మనము పెట్టినదైనప్పుడు, అందు నివసించు హక్కు మనకు గాగితముపై నుండవలెను.