కారు డిఫరెన్షియల్ ఇంట్లోనే విప్పొచ్చు.. మరి ఫోన్ ఎందుకు విప్పకూడదు?

రోజూ ఈ సైట్‌లో ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి చదివే మీకు ఈసారి కాస్త గేరు ఆయిల్ వాసన తగులుతుంది. ముందే చెప్పేస్తున్నా. అందులో గంధకం ఉంటుంది కాబట్టి కుళ్లిన గుడ్డు కంపు, చేతికి అంటితే ఎంత కడిగినా ఓ పట్టాన పోదు.

మాది విస్సన్నపేట. ఎన్టీఆర్ జిల్లా, తిరువూరు వైపు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పన్నెండేళ్ల నాటి రియర్ వీల్ డ్రైవ్ సెడాన్ ఒకటి ఉంది నాకు. ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. కంపెనీ పేరు వద్దులెండి, అసలు విషయం అది కాదు. సంక్రాంతికి దాన్నేసుకుని ఊరెళ్లా. తెల్లారి ముగ్గేద్దామని కారు పక్కకి తీయించిన మా అమ్మకి వాకిట్లో అరచేయంత నల్ల మరక కనిపించింది. "పండగపూట ఇదేం ఖర్మరా, పేడనీళ్లు చల్లినా పోవట్లేదు" అని ఒకటే గొడవ. వంగి చూస్తే వెనక డిఫరెన్షియల్ కవరు అంచు మొత్తం తడి.

డిఫరెన్షియల్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ. రెంటికీ ఇంజిన్ బలం అందిస్తూనే వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె అది. దాని వెనక మూతకీ బాడీకీ మధ్య ఉండే పల్చటి గ్యాస్కెట్‌ని మన మెకానిక్‌లు ప్యాకింగు అంటారు. నాది పోయింది అదే.

ఫొటోలు తీసి సర్వీస్ సెంటర్‌కి వాట్సాప్ చేశా. "ప్యాకింగు విడిగా రాదు సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి" అన్నారు. ఆ ఎస్టిమేట్ నేను కారు కొన్న ధరలో మూడో వంతుకి దగ్గరగా ఉంది. పార్ట్ నంబర్ వెతికి ఆన్‌లైన్‌లో చూస్తే అదే ప్యాకింగు విడిగానే దొరికింది. ఫోన్‌కి ఓ మంచి టెంపర్డ్ గ్లాస్ వేయించుకున్నంత ఖర్చు.

నెలాఖరులో ఓ శనివారం మళ్లీ ఊరెళ్లి పని మొదలుపెట్టా. వీడియోలు చూసి నేర్చుకున్న ధైర్యం. డ్రెయిన్ బోల్టుకి పానా వేసి బలంగా తిప్పబోతుంటే, ట్రాక్టర్ల పని చేసే మా బాబాయ్ గేటు దగ్గరే ఆగి అరిచాడు.

"ఒరేయ్, పైన బిరడా ఇప్పావా ముందు?"

"లేదు బాబాయ్, ముందు ఆయిల్ దించేద్దామని.."

"దించేశాక పైది రాలేదనుకో, ఏం చేస్తావ్? తిరువూరు దాకా నెట్టుకెళ్తావా?"

నిజమే కదా. ఆయిల్ నింపే బిరడా బిగుసుకుపోయి ఉంటే, ఖాళీ డిఫరెన్షియల్‌తో కారు కదలదు. అందుకే ఫిల్లర్ ముందు, డ్రెయిన్ తర్వాత. ఇంత ముఖ్యమైన ముక్క నేను చూసిన వీడియోల్లో ఒక్కదాంట్లోనూ చెప్పలేదు.

మిగతాది ఓపిక పనే. మూత తీసి, పాత ప్యాకింగు గీకేయాలి. అల్యూమినియం మీద ఉలి, స్క్రూడ్రైవరు వాడితే గీతలు పడి మళ్లీ అక్కడి నుంచే కారుతుంది. అందుకని ప్లాస్టిక్ గీకుడు ముక్కతో గంటసేపు గీకా. డ్రెయిన్ బోల్టుకుండే అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే భయం లేదు, ఇనప ముక్కలుంటే మాత్రం గేర్లు పోయినట్టే. నాకు పేస్టే వచ్చింది. మూత బిగించి, జీఎల్-5 రకం 75డబ్ల్యూ-90 ఆయిల్ ఫిల్లర్ రంధ్రంలోంచి తిరిగి కారేదాకా పోసి మూసేశా. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న కారైతే ఆయిల్ విషయంలో కంపెనీ చెప్పిందే వాడాలి. నాది మామూలుదే.

మూడు వారాలకి మళ్లీ తడి.

నిజం చెప్తున్నా, కారు అమ్మేద్దామనిపించింది. బాబాయ్ ఈసారి కిందకి దూరి చూసి, "ఊపిరి గొట్టం చూడలేదా? దానికి గాలాడకపోతే ఎక్కడో ఓచోట కక్కుద్ది" అన్నాడు. బ్రీదర్ అన్నమాట. గేర్లు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అది బయటికి పోవడానికి పైన చిన్న రంధ్రం ఉంటుంది. నా కారుకి అది ఏళ్ల మట్టితో మూసుకుపోయింది. గాలి పోయే దారి లేక ఆయిల్‌ని ప్యాకింగు మీదకి నెడుతోంది. అంటే మొదట్నుంచీ ప్యాకింగు తప్పు కాదేమో! దాన్ని శుభ్రం చేసి, ఇంకో ప్యాకింగు తెప్పించి మళ్లీ వేశాం.

రెండోసారి బోల్టులు చేతి అంచనాతో బిగించదల్చుకోలేదు. ఎక్కువైతే అల్యూమినియంలో మరలు చిరిగిపోతాయి, తక్కువైతే కారుతుంది. టార్క్ రెంచ్ అద్దెకి తెచ్చా. కానీ ఎన్ని న్యూటన్ మీటర్లకి సెట్ చేయాలి? వర్క్‌షాప్ మాన్యువల్ డీలర్లకే ఇస్తారట. ఆ ఒక్క నంబరు కోసం రెండు రాత్రులు వెతికా. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఓ మెకానిక్ దగ్గర నూనె మరకల జిరాక్స్ కాగితాల్లో దొరికింది.

నా గొడవంతా ఇక్కడే. పార్టు దొరికింది, పానాలు ఇంట్లోనే ఉన్నాయి, చేయి తిరిగిన బాబాయ్ ఉన్నాడు. తాళం వేసి ఉన్నది ఒక్క సమాచారానికే.

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని, బయటి మెకానిక్‌లకు రిపేరు మాన్యువల్స్, డయాగ్నస్టిక్ టూల్స్ ఇవ్వడం లేదని. అవి అందుబాటులో పెట్టమని ఆదేశించింది కూడా. తర్వాత అప్పీళ్లు నడిచాయి. ఇన్నేళ్లయినా నాకు ఆ నంబరు జిరాక్స్ కాగితంలోనే దొరికింది.

ఇప్పుడు మీ జేబులోకి వద్దాం. ఐపీ68 అని మనం రివ్యూల్లో గొప్పగా రాసే ఫోన్ వెనక గ్లాస్ చుట్టూ ఉండే జిగురు ఏంటనుకుంటున్నారు? అదీ ప్యాకింగే. ఒకసారి తెరిస్తే కొత్తది వేయాల్సిందే. కారుకైతే బోల్టులున్నాయి, ఫోన్‌కి వేడి చేసి, గ్లాస్ పగలకుండా ఊపిరి బిగబట్టి లాగాలి. అదే మోడల్ ఒరిజినల్ స్క్రీన్ వేసినా "గుర్తు తెలియని పార్టు" అని వార్నింగ్ చూపించే ఫోన్లున్నాయి. నా డిఫరెన్షియల్ ఏనాడూ నన్నలా అడగలేదు.

"సేఫ్టీ కోసమే" అంటాయి కంపెనీలు. ఉబ్బిన లిథియం బ్యాటరీని కొత్తవాడు కెలక్కూడదు, ఒప్పుకుంటా. కానీ టన్నున్నర కారు కింద పడుకోవడం అంతకన్నా సేఫా? వెనక చక్రాలు లేపాక హ్యాండ్‌బ్రేక్ పనికిరాదు, ఎందుకంటే అది పట్టేది ఆ చక్రాలనే. ముందు చక్రాలకి అటూ ఇటూ దుంగలు పెట్టాలి. ఉత్త జాకీ మీద ఉన్న కారు కిందకి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. మా వాకిలి మట్టినేల, స్టాండ్ల కింద మందపాటి చెక్కలు వేయకపోతే దిగబడిపోయేవి. నేను బతికి ఈ ఆర్టికల్ రాస్తున్నది ఈ సంగతులు ఎవరో చెప్పబట్టే, దాచిపెట్టబట్టి కాదు. ప్రమాదం ఉన్నచోటే సమాచారం ఎక్కువ కావాలి.

మన ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు నాలుగూ అందులోకి వస్తాయి. మంచిదే, కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకి లేబుల్ మీద రిపేరు గ్రేడ్ ఉండాలి, మోడల్ అమ్మకం ఆగాక కూడా ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి. ఆ కంపెనీల్లో చాలావరకు మన దగ్గర అమ్మేవే. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేరో అడగాల్సిన మొదటి మనుషులం మేం, రివ్యూలు రాసేవాళ్లం. బెంచ్‌మార్క్ స్కోరు మూడు పేరాలు రాసి, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో ఒక్క లైను కూడా రాయని పాపం నాదీ.

అందుకే వచ్చే నెల నుంచి నా ఫోన్ రివ్యూల్లో మూడు లైన్లు ఎక్కువ ఉంటాయి: స్క్రీన్, బ్యాటరీ విడిగా అమ్ముతున్నారా, ఎంతకి, రిపేరు మాన్యువల్ అందరికీ ఇస్తున్నారా, బయట పార్టు వేస్తే ఫోన్ ఏమంటుంది. కంపెనీ జవాబివ్వకపోతే "జవాబివ్వలేదు" అనే రాస్తా.

మొన్న ఫోన్ చేసి "కారు కింద ఎలా ఉందమ్మా?" అని అడిగా, కారు ఊళ్లోనే వదిలొచ్చా కాబట్టి. "కారట్లేదు గానీ, ఆ పాత మరక మాత్రం పోలేదురా" అంది.